సుశ్రుతుడు

సుశ్రుతుడు ప్రాచీన భారతదేశానికి చెందిన ప్రసిద్ధ శస్త్రవైద్యుడు. ఆయుర్వేదంలో శల్యతంత్రానికి మూలగ్రంథమైన సుశ్రుత సంహిత ఈయన పేరు మీదనే ప్రచారంలో ఉంది. కాశీరాజు దివోదాస ధన్వంతరి ఈయన గురువు. తెగిన ముక్కును, చెవిని, పెదవిని తిరిగి అమర్చే పద్ధతులను వివరించినందువలన ఈయనను ప్లాస్టిక్ సర్జరీకి ఆద్యునిగా పేర్కొంటారు. ముక్కును అమర్చడం గురించి ఈయన చెప్పిన సంగతి చాలామందికి తెలుసు. అమర్చిన ముక్కు సరిగా కుదరనప్పుడు దానిని మళ్ళీ ఎలా సరిదిద్దాలో కూడా ఈయన చెప్పాడన్న సంగతి అంతగా ప్రచారం పొందలేదు.

కాలం

సుశ్రుతుని కాలం గురించి పండితులలో ఏకాభిప్రాయం లేదు. 20వ శతాబ్ది ఆరంభంలో హెర్న్‌లే అనే పండితుడు ఈయన క్రీస్తు పూర్వం 6వ శతాబ్దికి చెందినవాడని అభిప్రాయపడ్డాడు. సుశ్రుత సంహిత ఒకేసారి వెలువడిన గ్రంథం కాదనీ, క్రీస్తు పూర్వపు చివరి శతాబ్దాలలో రూపొందిన మూలానికి తరువాతి శతాబ్దాలలో చేర్పులు జరిగాయనీ ఆధునిక పరిశోధకులు భావిస్తారు. 1890లో మధ్య ఆసియాలోని కూచా వద్ద లభించిన బోవర్ వ్రాతప్రతిలో సుశ్రుతుని పేరు ఉంది. నేపాల్‌లోని కైసర్ గ్రంథాలయంలో భద్రపరచిన తాళపత్ర ప్రతి క్రీ.శ. 878 నాటిది. దీనిని 2013లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

జీవిత విశేషాలు

సుశ్రుతుడు విశ్వామిత్రుని కుమారుడని సంహితలోనే చెప్పబడింది. కాశీరాజైన దివోదాసుడు వానప్రస్థాశ్రమంలో ఉండగా ఔపధేనవుడు, వైతరణుడు, ఔరభ్రుడు, పౌష్కలావతుడు, కరవీర్యుడు, గోపురరక్షితుడు మొదలైన వారితో కలిసి సుశ్రుతుడు ఆయనను ఆశ్రయించాడు. రోగాలతో బాధపడుతున్న ప్రజలను చూసి మనసు కలతపడి, వైద్యం నేర్పమని వారందరూ కోరారు. ఆయుర్వేదంలోని ఎనిమిది అంగాలలో దేనిని ప్రధానంగా బోధించాలని గురువు అడుగగా శల్యతంత్రాన్నే కోరుకున్నారు. అందరి తరఫున ప్రశ్నలు అడిగే బాధ్యతను సహాధ్యాయులు సుశ్రుతునికి అప్పగించారు. అందువలన సంహిత అంతా గురువు సుశ్రుతునికి చెబుతున్నట్లు సాగుతుంది. ఆ సహాధ్యాయులలో కొందరు కూడా శల్యతంత్రాలు రచించినట్లు ప్రస్తావనలు ఉన్నాయి.

12వ శతాబ్దికి చెందిన డల్హణుడు అనే వ్యాఖ్యాత, ఈ సంహితను నాగార్జునుడు సంస్కరించాడని చెప్పాడు. శ్రీపర్వతంతో సంబంధం ఉన్న బౌద్ధాచార్యుడు నాగార్జునుడు, ఈ నాగార్జునుడు ఒకరేనని నిర్ధారణ కాలేదు. అయినా నాగార్జునకొండను ఎరిగిన తెలుగువారికి ఈ పేరు ఆసక్తి కలిగిస్తుంది.

సుశ్రుత సంహిత

సంహితలో సూత్రస్థానం (46 అధ్యాయాలు), నిదానస్థానం (16), శారీరస్థానం (10), చికిత్సాస్థానం (40), కల్పస్థానం (8) అనే ఐదు భాగాలు, మొత్తం 120 అధ్యాయాలు ఉన్నాయి. వీటికి 66 అధ్యాయాల ఉత్తరతంత్రం జత అయింది. 101 యంత్రాలను, అంటే పట్టుకోవడానికి, బయటకు లాగడానికి పనికివచ్చే మొద్దు పరికరాలను, 20 శస్త్రాలను, అంటే పదునైన పరికరాలను ఇందులో వర్ణించారు. శస్త్రకర్మలను ఛేద్యం, భేద్యం, లేఖ్యం, వేధ్యం, ఏష్యం, ఆహార్యం, విస్రావ్యం, సీవ్యం అని ఎనిమిది విధాలుగా విభజించారు.

శిష్యుల శిక్షణ

శాస్త్రం చదివినంత మాత్రాన శస్త్రం పట్టే అర్హత రాదని సుశ్రుతుని మతం. శాస్త్రం మాత్రమే తెలిసినవాడు రోగి ముందు తడబడతాడు, చేతిపని మాత్రమే తెలిసినవాడు పండితుల మెప్పు పొందలేడు. ఇద్దరినీ ఆయన ఒంటిరెక్క పక్షితో పోల్చాడు. అందువలన విద్యార్థులు మనిషి శరీరాన్ని ముట్టుకునే ముందు ఇతర వస్తువుల మీద చేయి తిప్పుకోవాలి. కోత నేర్చుకోవడానికి గుమ్మడి, సొర, పుచ్చ, దోసకాయలు, చీల్చడానికి నీరు నింపిన తోలుసంచులు, గీకడానికి వెంట్రుకలున్న చర్మం, గుచ్చడానికి చనిపోయిన పశువుల సిరలు, తామర తూళ్ళు వాడేవారు. కుట్టుపనికి మందపాటి బట్ట అంచులు, మెత్తని తోలు, కట్లు కట్టడానికి మనిషి ఆకారపు బొమ్మ ఉపయోగించేవారు. చెవిని అతికే పనిని మెత్తని మాంసపు ముక్కల మీద, తామర తూళ్ళ మీద అభ్యసించేవారు.

శరీర నిర్మాణాన్ని తెలుసుకోవడానికి శవపరీక్ష తప్పనిసరి అని ఆయన చెప్పాడు. విషం వలన గాని, దీర్ఘవ్యాధి వలన గాని మరణించని, మరీ వృద్ధాప్యం లేని శవాన్ని ఎంచుకుని, గడ్డితోనో నారతోనో చుట్టి, పంజరంలో ఉంచి, ప్రవహించే నీటిలో మరుగైన చోట ఏడు రాత్రులు ఉంచాలి. తరువాత వట్టివేళ్ళు, వెదురు మొదలైన వాటితో చేసిన కుంచెతో మెల్లగా రుద్దుతూ, చర్మం మొదలుకొని లోపలి అవయవాల వరకు ఒక్కొక్క పొరను కళ్ళతో చూడాలి.

శిక్షణ పూర్తయినవాడు రాజు అనుమతి పొందిన తరువాతనే వైద్యవృత్తిలో ప్రవేశించాలి. చేయి వణకకపోవడం, చెమట పట్టకపోవడం, తొందరపాటు లేని వేగం, పదునైన పనిముట్లు కలిగి ఉండడం శస్త్రవైద్యుని లక్షణాలు. మత్తుమందులు లేని ఆ కాలంలో నొప్పి ఓర్చుకోలేని రోగికి, మద్యం అలవాటు ఉన్నట్లయితే, ముందుగా ఘాటైన మద్యం ఇవ్వవచ్చునని సంహిత చెబుతుంది. మూత్రాశయంలోని రాయిని తీయడం వంటి ప్రమాదకరమైన చికిత్సలలో ఫలితం సందేహాస్పదం కనుక, ముందుగా రాజుకు తెలిపి అనుమతి తీసుకోవాలని కూడా ఉంది. ఫలితం తప్పక వస్తుందని మాట ఇవ్వకుండా, ఉన్న ప్రమాదాన్ని ముందే చెప్పి పని మొదలుపెట్టాలన్న ఈ నియమం సుశ్రుతుని వైద్యనీతిలో ముఖ్యమైనది.

ముక్కు కోత, సమాజం

ముక్కు శస్త్రచికిత్స భారతదేశంలో అభివృద్ధి చెందడానికి ఒక సామాజిక కారణం ఉంది. ప్రాచీన కాలంలో ముక్కు కోయడం ఒక శిక్ష. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ముక్కు, చెవులు కోసే శిక్షల ప్రస్తావన ఉంది. యుద్ధాలలో ఖైదీల ముక్కులు కోసే ఆచారం 18వ శతాబ్ది చివరి వరకు కొనసాగింది. ఈ శిక్షకు గురైన మనిషి బ్రతికే ఉంటాడు, కాని అవమానం ముఖం మీదనే కనిపిస్తూ ఉంటుంది. ముక్కును తిరిగి పొందడం అంటే నలుగురిలో తల ఎత్తుకుని తిరిగే అవకాశాన్ని తిరిగి పొందడమే.

రామాయణంలోని శూర్పణఖ కథ ఈ శిక్షకు అందరూ ఎరిగిన ఉదాహరణ. అరణ్యకాండలో గోదావరీ తీరాన పంచవటి వద్ద లక్ష్మణుడు శూర్పణఖ ముక్కు చెవులు కోస్తాడు. మహారాష్ట్రలోని నాసిక్‌కు ఆ పేరు ఈ సంఘటన వలననే వచ్చిందని ఒక ఐతిహ్యం. తెలుగువారి ఐతిహ్యం ప్రకారం సీతారామలక్ష్మణులు నివసించిన కుటీరం భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం మండలంలో ఉన్న పర్ణశాల. 2016 వరకు ఖమ్మం జిల్లాలో ఉన్న ఈ గ్రామం ఆ సంవత్సరం ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. ఇక్కడి సీతమ్మ వాగును, రామాయణ ఘట్టాల బొమ్మలను భద్రాచలం వచ్చే యాత్రికులు దర్శిస్తారు. కావ్యంలో శూర్పణఖకు తిరిగి ముక్కు రాలేదు. ఆమె అవమానభారంతో అన్నల వద్దకు వెళ్ళడం, అది యుద్ధానికి దారితీయడం తెలిసినదే. అటువంటి గాయానికి వైద్యుడు ఏమి చేయగలడన్నది సుశ్రుత సంహితలో కనిపిస్తుంది.

ముక్కును అమర్చే విధానం

సూత్రస్థానం 16వ అధ్యాయంలో చెవులు కుట్టడం, తెగిన చెవి తమ్మెలను అతికే 15 పద్ధతులు, ఆ తరువాత ముక్కును అమర్చే విధానం వరుసగా వస్తాయి. విధానం ఇలా ఉంటుంది.

ముందుగా కోల్పోయిన ముక్కు భాగానికి సరిపడే చెట్టు ఆకును కొలతగా తీసుకోవాలి. ఆ కొలత ప్రకారం చెంప నుండి చర్మాన్ని, ఒక వైపు అంటుకుని ఉండేటట్లుగా, కోయాలి. మిగిలి ఉన్న ముక్కు అంచును గీకి పచ్చిపుండుగా చేసి, కోసిన చర్మాన్ని తిప్పి దానికి త్వరగా అతికి, కట్టు కట్టాలి. ఊపిరి ఆడడానికి, ముక్కు ఎత్తుగా నిలవడానికి లోపల రెండు గొట్టాలు ఉంచాలి. పైన పతంగ చెక్క, అతిమధురం, రసాంజనం పొడి చల్లి, తెల్లని దూదితో కప్పి, నువ్వుల నూనెతో తరచు తడపాలి. రోగికి నెయ్యి త్రాగించి, అది జీర్ణమైన తరువాత విరేచనానికి మందు ఇవ్వాలి. తెగిన పెదవికి కూడా గొట్టాలు మినహా ఇదే పద్ధతి.

చర్మాన్ని పూర్తిగా వేరు చేయకుండా ఒక వైపు అంటి ఉంచడం ఈ పద్ధతిలో కీలకం. ఆ వైపు నుండి రక్తం అందుతూ ఉండడం వలన కొత్త చోట అతుక్కునేంత వరకు చర్మం బ్రతికి ఉంటుంది. నుదుటి చర్మంతో ముక్కును అమర్చే పద్ధతిని సుశ్రుతుడే చెప్పాడని తరచు వ్రాస్తూ ఉంటారు. సంహితలో చెప్పినది చెంప చర్మం. నుదుటి చర్మాన్ని వాడడం తరువాతి కాలపు వైద్యుల చేతిలో రూపొందిన మార్పు.

కుదరని ముక్కును సరిదిద్దడం

సంహితలోని ఈ ప్రకరణం ముక్కు అతుక్కోవడంతో ముగియదు. అతుకు మానిన తరువాత చేయవలసిన పనులను సుశ్రుతుడు విడిగా చెప్పాడు. అవి మూడు. మొదటిది, అతుకు బాగా కుదిరిన తరువాత, చెంపకు అంటి ఉన్న మిగిలిన భాగాన్ని కోసి వేరుచేయడం. రెండవది, ముక్కు చిన్నదిగా వస్తే దానిని తిరిగి పెంచడానికి ప్రయత్నించడం. మూడవది, మాంసం అధికంగా పెరిగితే దానిని తగ్గించి సమం చేయడం.

ఈ మూడు సూచనలలో గమనించవలసిన విషయాలు ఉన్నాయి. మొదటిసారి చేసిన పని పరిపూర్ణంగా ఉండకపోవచ్చునని ఆయన ముందే అంగీకరించాడు. ముక్కు చిన్నదిగానో, పెద్దదిగానో రావడాన్ని రోగి దురదృష్టంగా వదిలివేయలేదు, చికిత్సలో మిగిలి ఉన్న భాగంగానే చూశాడు. సరిదిద్దే పనికి సమయం కూడా నిర్ణయించాడు. గాయం మానిన తరువాతనే మళ్ళీ శస్త్రం పట్టాలి. పచ్చిగా, వాచి ఉన్నప్పుడు కనిపించే రూపం అసలు రూపం కాదు. ఈ విధానమంతా తెలిసినవాడే రాజుకు వైద్యం చేయడానికి అర్హుడని ఈ ప్రకరణం ముగుస్తుంది. సరిదిద్దడం కూడా ఆ అర్హతలో భాగమే.

సంహిత వ్యాప్తి

8వ శతాబ్ది చివర, 9వ శతాబ్ది ఆరంభంలో బాగ్దాద్‌లోని బర్మకీ మంత్రుల ఆదరణతో సుశ్రుత సంహిత అరబ్బీలోకి అనువాదమైంది. 11వ శతాబ్దిలో చక్రపాణిదత్తుడు భానుమతి అనే వ్యాఖ్యను, 12వ శతాబ్దిలో డల్హణుడు నిబంధ సంగ్రహమనే వ్యాఖ్యను వ్రాశారు. 1830లలో మధుసూదన గుప్తా సంస్కృత మూలాన్ని కలకత్తాలో ముద్రింపజేశాడు. 1836లో కలకత్తా వైద్య కళాశాలలో శవపరీక్ష చేసి, ఆనాటి ఆచారాలను ధైర్యంగా ఎదిరించినవాడు కూడా ఈయనే. హెస్లర్ లాటిన్ అనువాదం 19వ శతాబ్ది మధ్యలోను, కుంజలాల్ భిషగ్రత్న ఆంగ్లానువాదం 1907 - 1916 మధ్య మూడు సంపుటాలుగాను వెలువడ్డాయి.

గ్రంథం పండితుల వద్ద ఉండగా, చేతిపని మాత్రం కొన్ని కుటుంబాలలో తరతరాలుగా కొనసాగింది. హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా ప్రాంతంలోను, మహారాష్ట్రలోని పూనా ప్రాంతంలోను ముక్కులు అమర్చే వారు ఉండేవారు. పూనాలో జరిగిన ఒక చికిత్స వలన ఈ విద్య ప్రపంచానికి తెలిసింది.

కవాస్‌జీ చికిత్స

కవాస్‌జీ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఎడ్లబండి తోలే మరాఠీ వ్యక్తి. మూడవ మైసూరు యుద్ధంలో, 1792లో, టిప్పు సుల్తాన్ సైనికులకు చిక్కగా వారు అతని ముక్కును, ఒక చేతిని నరికివేశారు. అతనితో పాటు నలుగురు తిలంగాలకు కూడా ఇదే గతి పట్టింది. తెలంగాణా దేశం పేరు మీదుగా కంపెనీ సిపాయిలకు తిలంగాలు అనే పేరు వచ్చింది. తొలినాళ్ళలో తెలుగు ప్రాంతాల నుండి సిపాయిలను చేర్చుకోవడం దీనికి కారణం. తరువాత ఇతర ప్రాంతాల సిపాయిలను కూడా ఇదే పేరుతో పిలిచేవారు కనుక, ఆ నలుగురూ తెలుగువారేనని దీనిని బట్టి చెప్పలేము.

కవాస్‌జీ ఏడాదికి పైగా ముక్కు లేకుండానే గడిపాడు. తరువాత పూనా దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక వైద్యుడు అతనికి కొత్త ముక్కును అమర్చాడు. మైనంతో ముక్కు నమూనా చేసి, దానిని చదును చేసి నుదుటి మీద పరచి, గీత గీసి, కనుబొమల మధ్య కొంత భాగం అంటి ఉండేటట్లు చర్మాన్ని కోసి, క్రిందికి తిప్పి అతికాడు. కాచును నీటితో మెత్తగా చేసి బట్ట పీలికలకు పూసి, పట్టీలుగా వేశాడు. ఈ చికిత్సను ఇద్దరు ఆంగ్ల వైద్యులు చూశారు. జేమ్స్ వేల్స్ అనే చిత్రకారుడు కవాస్‌జీ చిత్రాన్ని గీశాడు. 1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ ఈ వృత్తాంతాన్ని ప్రచురించింది.

ఆ వృత్తాంతంలో కూడా సుశ్రుతుడు చెప్పిన రెండవ దశ కనిపిస్తుంది. సుమారు 25వ రోజున కనుబొమల మధ్య అంటి ఉన్న చర్మాన్ని తెంచుతారు. అప్పుడు కొత్త ముక్కు రూపం మెరుగుపడడానికి మరికొంత కోత అవసరమవుతుందని అందులో ఉంది. సంహిత చదవని చేతివృత్తి వైద్యునికి కూడా ముక్కు ఒక్కసారితో పూర్తికాదని తెలుసు.

ఐరోపాలో

ఐరోపాలో 15వ శతాబ్దిలో సిసిలీకి చెందిన బ్రాంకా కుటుంబం, 16వ శతాబ్దిలో బొలోనాకు చెందిన తాగ్లియాకోజ్జి ముక్కును అమర్చే చికిత్సలు చేశారు. తాగ్లియాకోజ్జి చేతి చర్మాన్ని వాడే పద్ధతిని 1597లో గ్రంథస్థం చేశాడు. తరువాత ఆ విద్య మరుగున పడింది. కవాస్‌జీ వృత్తాంతం దానికి మళ్ళీ ప్రాణం పోసింది. లండన్ వైద్యుడు జోసెఫ్ కాన్‌స్టాంటైన్ కార్ప్యూ 1814 అక్టోబరు 23న పాదరసపు మందు వలన ముక్కు కోల్పోయిన ఒక సైనికాధికారికి భారతీయ పద్ధతిలో శస్త్రచికిత్స చేశాడు. 1811లో అల్బుయేరా యుద్ధంలో గాయపడిన మరొక అధికారికి కూడా చికిత్స చేసి, రెండింటి వివరాలను 1816లో గ్రంథంగా ప్రచురించాడు. 1818లో జర్మనీలో గ్రేఫే వ్రాసిన గ్రంథంతో రైనోప్లాస్టీ అన్న పేరు వాడుకలోకి వచ్చింది.

నేటి వైద్యంలో

నుదుటి చర్మంతో ముక్కును అమర్చే భారతీయ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. క్యాన్సర్ వలన ముక్కు తీసివేయవలసి వచ్చిన వారికి, ప్రమాదాలలో కోల్పోయిన వారికి ఇది ఉపయోగపడుతుంది. దండకారణ్యం వంటి అటవీ ప్రాంతాలలో ఎలుగుబంట్లు మనుషుల ముఖం మీదనే దాడి చేయడం సాధారణం. ఇప్ప పూలు, తునికాకు ఏరడానికి అడవికి వెళ్ళేవారు అటువంటి దాడులలో ముక్కు కోల్పోయినప్పుడు కూడా ఈ పద్ధతి అవసరమవుతుంది. చర్మాన్ని తిప్పి అతకడం, కొన్ని వారాల తరువాత అంటి ఉన్న భాగాన్ని తెంచడం, అవసరమైతే రూపాన్ని సరిచేయడం అన్న దశలు ఇప్పటికీ మారలేదు.

నేడు ఎక్కువగా జరిగే ముక్కు శస్త్రచికిత్సలు ముక్కు పోయినవారికి కాక, ఉన్న ముక్కు వంకర పోవడానికి, ఊపిరి సరిగా ఆడడానికి చేసేవి. వీటిలో కొన్నింటి ఫలితం రోగికి తృప్తినివ్వదు. దూలం కుంగినట్లు ఉండడం, కొన వంకరగా ఉండడం, ముందుకంటే ఊపిరి కష్టం కావడం ప్రధానమైన ఫిర్యాదులు. ఇటువంటి వారికి చేసే రెండవ చికిత్సను రివిజన్ రైనోప్లాస్టీ అంటారు. వాపు పూర్తిగా తగ్గడానికి, ముఖ్యంగా కొన దగ్గర, సుమారు ఒక సంవత్సరం పడుతుంది. కనుక అంతకాలం ఆగి, తరువాతనే నిర్ణయించుకోమని సాధారణంగా వైద్యులు సలహా ఇస్తారు. రెండవసారి చికిత్స మొదటిదానికంటే కష్టం. లోపల మచ్చకణజాలం ఏర్పడి ఉంటుంది. ముక్కు మధ్యగోడలోని మృదులాస్థి మొదటిసారే వాడబడి ఉండవచ్చు. అప్పుడు చెవి నుండి గాని, ప్రక్కటెముక నుండి గాని మృదులాస్థిని తీసుకోవలసి వస్తుంది.

అందువలన మొదటి చికిత్స వివరాల పత్రాలు, పాత ఛాయాచిత్రాలు దగ్గర ఉంచుకోవడం, ఊపిరి ఇబ్బందిని, రూపం పట్ల అసంతృప్తిని విడివిడిగా వైద్యునికి చెప్పడం, రెండవసారి కూడా ఎంతవరకు మెరుగుపడగలదో ముందుగానే స్పష్టంగా అడిగి తెలుసుకోవడం రోగికి మంచిది. చిన్న లోపానికి మళ్ళీ కోత అవసరం లేదని వైద్యుడు చెప్పే సందర్భాలు కూడా ఉంటాయి. మానేదాకా ఆగడం, తక్కువైన దానిని పెంచడం, ఎక్కువైన దానిని తగ్గించడం, సందేహమున్న చోట ముందే చెప్పడం అనే సుశ్రుతుని నియమాలు ఈ చికిత్సకూ వర్తిస్తాయి.

గుర్తింపు

భారతదేశంలో అనేక వైద్య కళాశాలలలో, ఆసుపత్రులలో సుశ్రుతుని విగ్రహాలు, చిత్రాలు ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో రాయల్ ఆస్ట్రలేషియన్ శస్త్రవైద్య కళాశాలలో కూడా ఈయన విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. ఆయుర్వేద కళాశాలలలో శల్యతంత్ర విభాగం విద్యార్థులకు సుశ్రుత సంహిత నేటికీ పాఠ్యగ్రంథం.